ఎక్కించిన లెక్క దించేటప్పుడు సరిపోవాల



వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాబోతుంది. మన సభ్యుల జాబితా, చందా లెక్క, పెండ్లి సంబంధాల వివరాలు, పిల్లల చదువుల సహాయనిధి, అన్నీ ఇప్పుడు ఎక్సెల్ పట్టికల్లో ఉన్నాయి. వాటిని ఒక వెబ్ అప్లికేషన్‌లోకి మార్చాలని మన యువకులు అడుగుతున్నారు. జావాస్క్రిప్ట్‌లో రాస్తామని, ఫోన్‌లోనే తెరుచుకుంటుందని, ఎవరి చందా ఎంత బాకీ ఉందో వేలు పెడితే తెలుస్తుందని చెప్పినారు. దాంతో మన గుంపులో రెండు పక్షాలు తయారైనాయి. ఒక పక్షం, "నోటుపుస్తకం ఉండగా ఇదంతా ఎందుకప్పా" అంటుంది. ఇంకొక పక్షం, "ఒక్క బటన్ నొక్కితే అంతా ఎక్కిపోతుంది, తర్వాత ఆ పాత పుస్తకాలన్నీ ఎత్తి పారేయొచ్చు" అంటుంది.

మేము ఈ రెండు పక్షాల్లోనూ లేము. అప్లికేషన్ రావాల. కాని పట్టికలో నుంచి దాంట్లోకి ఎక్కించే దారి ఎంత జాగ్రత్తగా వేస్తామో, దాంట్లో నుంచి మళ్ళీ పట్టికగా దించే దారి కూడా అంతే జాగ్రత్తగా వేయాల. ఆ రెండు దార్లూ తేలకుండా తీర్మానానికి చేయి ఎత్తకూడదని మా అభిప్రాయం. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తాము. ఓపిక లేనివాళ్ళు చివర్లో ఉన్న ఆరు షరతులు చదివితే చాలు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెద్దయినాక కూడబలుక్కొని నేర్చుకున్నవి. కంప్యూటర్ ప్రోగ్రాం రాసే చదువు మాకు లేదు. అయితే ఒక రిజిస్టరులో నుంచి ఇంకొక రిజిస్టరులోకి లెక్క మార్చే పని బతుకంతా చేసినాము. ఈ సంగతి కూడా అదే. మన పిల్లల పక్కన కూర్చొని అడిగి, చేయించి, కళ్ళతో చూసినాకే ఇది రాస్తున్నాము.

పోదనూరువాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే ఇది గేజి మారడం. పొల్లాచ్చి లైను 1915లో మీటర్ గేజిగా వచ్చింది. ఈరోడు, పాలక్కాడు వైపు పోయేది బ్రాడ్ గేజి. ఒకదాని వెడల్పు 1000 మిల్లీమీటర్లు, ఇంకొకదానిది 1676. 2017లో పొల్లాచ్చి లైనును కూడా బ్రాడ్ గేజిగా తెరిచినారు కాబట్టి ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ కాలంలో ఆ పట్టాల పెట్టె ఈ పట్టాల మీద నడవదు. గేజి మారే ఏ చోటయినా సరుకును ఒక వ్యాగనులో నుంచి దించి ఇంకొక వ్యాగనులోకి ఎక్కించాల్సిందే. అక్కడ గుమాస్తా పని ఏమి? దించినవి ఎన్ని మూటలు, ఎక్కించినవి ఎన్ని, చిరిగినవి ఎన్ని, తడిసినవి ఎన్ని అని రాసి సంతకం పెట్టడం. మూట మోసేవాడి మీద నమ్మకం లేక కాదు. సరుకు పోయేది చేతులు మారే చోటే.

ఎక్సెల్ ఫైలు బయటికి ఒకే కాగితం మాదిరి కనిపిస్తుంది. 2007 నుంచి వచ్చిన రూపంలో అది నిజానికి ఒక జిప్ మూట. లోపల చాలా చిన్న ఫైళ్ళు ఉంటాయి: గళ్ళల్లోని విలువలు ఒక దాంట్లో, పదాలు ఒక దాంట్లో, రంగులూ తేదీల రూపాలూ ఇంకొక దాంట్లో. జావాస్క్రిప్ట్‌లో షీట్‌జేఎస్, ఎక్సెల్‌జేఎస్ అనే తయారు ప్రోగ్రాములు ఆ మూట విప్పి, ఒక్కొక్క వరుసనూ అప్లికేషన్‌కు అర్థమయ్యే రూపంలో ఇస్తాయి. కామాలతో విడదీసిన సాదా పాఠపు ఫైలును సీఎస్‌వీ అంటారు. దాన్ని చదివేదానికి పాపా పార్స్ అనేది ఉంది. ఇవన్నీ మంచి పనిముట్లే, లోకమంతా వాడుతున్నారు. కాని అవి ఉన్నది ఉన్నట్టు మోస్తాయి. పట్టికలో ఏది ముఖ్యమో వాటికి తెలియదు. అది చెప్పాల్సింది మనమే.

ముందు అంకెల సంగతి చూద్దాం. మన కోయంబత్తూరు టెలిఫోన్ కోడ్ 0422, మధురది 0452. ఎక్సెల్‌లో మామూలు గడిలో 0422 అని కొడితే ముందున్న సున్న పోయి 422 మిగులుతుంది. దానికి అది సంఖ్య, ముందు సున్నకు విలువ లేదు. ప్లస్ గుర్తుతో 91 పెట్టి సెల్ నంబరు కొడితే ఆ గుర్తు పోయి ఉత్త సంఖ్య మిగులుతుంది. 12 అంకెల సంఖ్య అయితే మధ్యలో చుక్క పెట్టి, చివర ఇంగ్లీషు ఈ అక్షరం తగిలించి కుదించి చూపిస్తుంది. అన్నిటికంటే చెడ్డది బ్యాంకు ఖాతా. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తు పెట్టుకుంటుంది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబరు 16 అంకెలు ఉంటుంది. ఆ పదహారో అంకె సున్న అయిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఒక పేద పిల్ల చదువు సహాయం ఆ సున్న వల్ల ఆగిపోతే, ఆ తల్లి ఎవరిని అడగాల?

అందుకే ఫోన్ నంబరు, ఖాతా నంబరు, పిన్‌కోడ్, ఇంటి నంబరు, ఇవి సంఖ్యలు కావు, పేర్లు. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. వాటిని పాఠంగానే పెట్టాల, పాఠంగానే ఎక్కించాల, పాఠంగానే దించాల.

ఇంటి నంబరు అన్నాము గదా. మన వీధుల్లో 4/12 అని ఉంటుంది. దాన్ని ఎక్సెల్ తేదీ అనుకొని డిసెంబరు 4 అనో, కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 12 అనో మార్చేస్తుంది. ఇది మన ఊరి కష్టం మాత్రమే కాదు. జన్యువుల శాస్త్రంలో మార్చ్1 అని ఒక జన్యువు పేరు ఉండేది. పట్టికలో కొడితే అది మార్చి ఒకటో తేదీ అయిపోయేది. ఎన్నో ఏండ్లు అవస్థ పడి, చివరికి మనిషి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ అట్లాంటి పేర్లనే మార్చుకుంది. 2020లో కొత్త నియమాలుగా ప్రకటించింది. శాస్త్రజ్ఞులే తమ పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది. మన ఇంటి నంబరును మనం మార్చుకోలేము గదా.

తేదీల కథ ఇంకా పెద్దది. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక సంఖ్య. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టి రోజులు లెక్కపెడుతుంది. 1947 ఆగస్టు 15 దానికి 17394. దీంట్లో ఒక వింత ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు. కాని ఎక్సెల్ కంటే ముందు వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం దాన్ని లీపు సంవత్సరంగా లెక్కపెట్టింది. లోటస్ పట్టికలు తమ దాంట్లో సరిగ్గా తెరుచుకోవాలని ఎక్సెల్ వాళ్ళు తెలిసే ఆ తప్పును అట్లే తీసుకున్నారు. ఈ రోజుకు కూడా ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే లేని రోజు ఉంది. ఒక పట్టికలో ఉన్న తప్పు ఇంకొక దాంట్లోకి ఎక్కితే ఎన్ని తరాలు బతుకుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

జావాస్క్రిప్ట్‌కు ఇంకొక పద్ధతి. దాంట్లో నెలలు సున్న నుంచి మొదలు, జనవరి అంటే 0, డిసెంబర్ అంటే 11. తేదీని లోకానికంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయంలో రాసే అలవాటు కూడా ఉంది. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. మన ఆగస్టు 15 అర్ధరాత్రి సున్న గంటలు, దాని లెక్కలో ఆగస్టు 14 సాయంకాలం ఆరున్నర. రాసేవాళ్ళు కన్ను పెట్టకపోతే ఎగుమతి చేసిన పట్టికలో అందరి పుట్టినరోజులూ ఒక్క రోజు వెనక్కి పోతాయి. అరవై నిండే పెద్దలకు మన సంఘం మర్యాద చేస్తుంది, జాతకం చూసి సంబంధం కలుపుతుంది. ఒక్క రోజు తేడా అంటే నక్షత్రమే మారిపోవచ్చు. మందు సుళువైనదే. పుట్టినరోజుకు గంటలు, నిమిషాలు అక్కర లేదు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, 1958-05-04 అని పాఠంగా రాసి పెడితే ఏ దేశంలో తెరిచినా మారదు.

ఇప్పుడు అక్షరాలు. మన జాబితాలో మూడు లిపులు ఉన్నాయి. తెలుగు పేరు తెలుగులో, విలాసం తమిళంలో, ఈమెయిల్ ఇంగ్లీషులో. యూనికోడ్ వచ్చినాక ప్రతి అక్షరానికీ లోకంలో ఒకే సంఖ్య ఉంది. కాని సీఎస్‌వీ ఫైలు తన అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో తనే చెప్పుకోలేదు. ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 అని తెలిపే మూడు బైట్ల గుర్తు లేకపోతే, దాన్ని రెండు సార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు పాత ఇంగ్లీషు పద్ధతిలో చదువుతుంది. అప్పుడు తెలుగు పేరు ఉన్న చోట, నెత్తిన గీత ఉన్న ఒక ఫ్రెంచి అక్షరమూ దాని పక్కన డిగ్రీ సున్నా వరసగా వస్తాయి. తమిళం ఉన్న చోట అదే ఫ్రెంచి అక్షరం పక్కన కంపెనీవాళ్ళు పెట్టుకునే వలయంలో ఆర్ గుర్తు వస్తుంది. ఇట్ల కనిపిస్తే భయపడొద్దు, లోపల సరుకు అట్లే ఉంది. భయపడాల్సింది, ఆ చెత్త కనిపిస్తుండగానే ఎవరో సేవ్ నొక్కి, ఆ ఫైలునే మళ్ళీ అప్లికేషన్‌లోకి ఎక్కించినప్పుడు. అప్పుడు చెత్తే మన పేరు అవుతుంది.

యూనికోడ్‌కు ముందు కొట్టిన పట్టికలు కూడా మన దగ్గర ఉన్నాయి. తమిళానికి బామిని, వానవిల్ మాదిరి, తెలుగుకు అను మాదిరి ఫాంట్లు వాడిన కాలం అది. ఆ ఫైళ్ళల్లో ఉన్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వేషం వేసి చూపిస్తుంది. ఫాంటు లేని చోటికి పోతే వేషం ఊడిపోతుంది. వాటిని ముందే యూనికోడ్‌కు మార్చి, ఒక్కొక్క పేరూ కంటితో చదివినాకనే ఎక్కించాల.

కొట్టేవాళ్ళ అలవాట్లు కూడా అడ్డం వస్తాయి. మన పట్టికలో పైవరుసలో సంఘం పేరు పెద్ద అక్షరాల్లో, గళ్ళు కలిపి పెట్టినారు. ప్రోగ్రాము మొదటి వరుసను తలకట్టు అనుకుంటుంది కాబట్టి సంఘం పేరే కాలమ్ పేరు అవుతుంది. నలుగురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటే విలాసం గడిని నాలుగు వరుసలకూ కలిపి ఒకసారే రాసినారు. చూసేదానికి అందంగా ఉంది. ప్రోగ్రాముకు మాత్రం పెద్దన్నకే ఇల్లు ఉంది, మిగిలిన ముగ్గురికీ లేదు.

రంగుల సంగతి అంతకంటే పెద్దది. చందా కట్టనివాళ్ళకు పసుపు, కాలం చేసినవాళ్ళకు బూడిద రంగు అని మన పట్టికలో ఒక వాడుక ఉంది. అది ఎక్కడా రాసి లేదు, కోశాధికారుల కండ్లలోనే ఉంది. సీఎస్‌వీలో రంగు ఉండదు. ఎక్సెల్ నుంచి నేరుగా ఎక్కించినా రంగును చదవమని విడిగా చెప్పకపోతే ఎవరూ చదవరు. పక్క ఊర్లో ఒక సంఘం ఇట్లే మార్చుకున్నాక, కాలం చేసిన ఒక పెద్దాయన పేరున "మీ చందా బాకీ ఉంది" అని ఆయన భార్య ఫోన్‌కు సందేశం పోయింది. ఆ యమ్మ మూడు రోజులు అన్నం తినలేదని విన్నాము. రంగులో దాచిన సంగతిని ఒక కాలమ్‌గా రాసిపెట్టి ఉంటే ఆ సందేశం పోయేది కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పనిముట్లతో, ఓపికతో సరిచేయగలిగినవి. ఇప్పుడు చెప్పేది మన మనసుకు దగ్గరైనది: పేర్లు.

మన ఊరి పేరే చూడండి. ఇంగ్లీషులో పొడనూరు అని చదివేటట్టు రాస్తారు. తమిళంలో త ఒత్తి పోత్తనూరు. మనము పోదనూరు అంటాము. కంప్యూటర్‌కు ఇవి మూడు ఊర్లు. మూడు లిపుల్లో రాసిన ముగ్గురు ఒకే వీధిలో ఉన్నా వాళ్ళు మూడు వేరు ఊర్లవాళ్ళు అవుతారు. రైల్వేలో దీనికి ఎప్పుడో దారి కనిపెట్టినారు. ఏ భాషలో ఎట్ల పలికినా పోదనూరుకు పీటీజే, కోయంబత్తూరుకు సీబీఈ, మధురకు ఎండీయూ. కోడ్ మారదు. సంఘంలో కూడా ప్రతి సభ్యుడికీ ఒక సంఖ్య ఇచ్చి, అన్ని పట్టికలూ ఆ సంఖ్యతో కలపాల. పేరుతో కలిపితే గోపాలస్వామి ఒకచోట, కోపాలసామి ఇంకొకచోట ఇద్దరవుతారు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం గదా. తమిళ జాబితాను యంత్రంతో తెలుగులోకి మార్చితే ఏ గ ఎక్కడ క అవుతుందో దేవుడికే తెలియాల. ఆ మనిషినే అడిగి రాసుకోవాల, వేరే దారి లేదు.

దాని కంటే పెద్దది ఇంటిపేరు. ఆంధ్రలో పేరుకు ముందున్న పొడి అక్షరం ఇంటిపేరుది. ఇక్కడ అది నాయన పేరుది. అక్కడి పద్ధతిలో తయారు చేసిన ఫారంలో మన జాబితా ఎక్కిస్తే, రామసామి కొడుకుకు ఇంటిపేరు "ఆర్" అని పడుతుంది. అమెరికా పద్ధతి అయితే మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు. మన పిల్లకాయలు పాస్‌పోర్టులో నాయన పేరునే చివరి పేరుగా పెట్టుకున్నారు. అంటే ఆ ఇంట్లో ప్రతి తరానికీ చివరి పేరు మారుతుంది.

మన పూర్వీకులు విజయనగరం కాలంలో, మధుర నాయకుల కాలంలో ఈ సీమకు వచ్చినారు. భూములు మారినాయి, బడి మారింది, రాత మారింది. ఇంటిపేరు మాత్రం మన నోట్లో మిగిలింది. బడి రికార్డులో లేదు, రేషన్ కార్డులో లేదు, ఆధార్‌లో లేదు. పెండ్లి మాటలప్పుడు మాత్రం, "మీరు ఏ ఇంటివాళ్ళు?" అని అడుగుతారు. ఒకే ఇంటిపేరు అయితే అన్నదమ్ముల వరస అని లేచి వస్తారు. మన ఇంటిపేర్లలో చాలా వరకు ఊరి పేర్లే, మనం ఎక్కడి నుంచి కదిలినామో చెప్పే ఆధారం అదొక్కటే. ఇది ఇప్పుడు ముసలివాళ్ళ నోట్లో తప్ప ఎక్కడా లేదు. పాత సంఘం పుస్తకాల్లో కొందరిది తెలుగులోనూ, కొందరిది తమిళంలోనూ రాసి ఉంది. ఎక్సెల్‌కు మార్చినప్పుడు ఆ కాలమ్ పెట్టలేదు, గవర్నమెంటు ఫారాలను చూసి పేరు, ఇనిషియల్ అని పెట్టినారు. ఇప్పుడు అప్లికేషన్‌లో కూడా లేకపోతే, పుస్తకాలు ఎత్తి పారేస్తే, ఇంకొక ఇరవై ఏండ్లకు మన మనవళ్ళకు చెప్పేవాళ్ళు ఉండరు. ఏ ప్రోగ్రామూ లేని కాలమ్‌ను పుట్టించలేదు. గడి ఉంటే, ఖాళీగా ఉన్నా, అది ఎవరినో ఒకరిని అడుగుతుంది. గడే లేకపోతే అడిగే ప్రశ్నే లేదు.

అందుకే ఎక్కించే పని గురించి మా మాట ఇది. ఫైలు ఎంచుకున్న వెంటనే లోపలికి పోకూడదు. జావాస్క్రిప్ట్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: ఫైలును బ్రౌజర్‌లోనే, మన కంప్యూటర్‌లోనే విప్పి చూడొచ్చు, సర్వర్‌కు పంపే అక్కర లేదు. కాబట్టి ముందు తెర మీద చూపించాల. ఇన్ని వరుసలు చదివినాము, ఇన్ని సరిగ్గా ఉన్నాయి, ఇన్నింట్లో ఇది తక్కువ, ఈ ఇద్దరు ఒకరే అనిపిస్తున్నారు అని చెప్పాల. మనం సరే అన్నాకే లోపలికి పోవాల. సరిపోని వరుసలను ఊరికే వదిలేయకూడదు, వాటిని వేరే పట్టికగా చేతికి ఇవ్వాల.

ఊరికే వదిలేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. 2020లో కరోనా కాలంలో, ల్యాబుల నుంచి వచ్చిన ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ రూపంలో ఉన్న పట్టికల్లోకి ఎక్కిస్తుండింది. ఆ పాత రూపంలో ఒక షీటులో 65,536 వరుసలే పడతాయి. కొత్త రూపంలో అయితే 10,48,576. నిండినాక వచ్చినవి చప్పుడు లేకుండా బయటే ఉండిపోయినాయి. సెప్టెంబర్ చివరి వారంలో, అక్టోబర్ మొదట్లో 15,841 మంది పేర్లు రోజువారీ లెక్కలో చేరలేదు. వాళ్ళను కలిసినవాళ్ళను వెతికి హెచ్చరించే పని కూడా ఆలస్యం అయింది. అంత పెద్ద దేశానికి కావాల్సి ఉండింది మన గూడ్స్ షెడ్డులో జరిగే పనే. దించినవి ఎన్ని, ఎక్కినవి ఎన్ని అని పక్కపక్కన రాసి చూడడం.

ఇక దించే దారి. దీన్ని గురించి మన పిల్లలు జాస్తి మాట్లాడలేదు. "అన్నీ యాప్‌లోనే ఉంటాయి గదా పెదనాయనా, మళ్ళీ ఎక్సెల్ ఎందుకు?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్తాము. ఈ రోజు అప్లికేషన్ రాసే పిల్లవాడికి రేపు బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం వస్తుంది, రావాలనే మన ఆశ. సర్వర్‌కు బాడుగ కట్టేవాళ్ళు ఒక ఏడు మరిచిపోవచ్చు. కార్యవర్గం మారుతుంది. అప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళ చేతిలో, ఏ ప్రోగ్రామూ లేకున్నా తెరుచుకునే పట్టిక ఒకటి ఉండాల. లెక్కలు చూసే ఆడిటర్‌కు, బ్యాంకుకు ఇచ్చేది కూడా పట్టికే. దించుకోలేని లెక్క మనది కాదు, ఆ యంత్రానిది.

దించడం సరిగ్గా ఉందా అని తెలుసుకునేదానికి ఒక పరీక్ష ఉంది. జాబితాను ఎక్కించండి, వెంటనే దించండి, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టండి. సున్నలు, తేదీలు, తెలుగు, తమిళం, ఖాళీ గళ్ళు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంటే ఆ పిల్లలకు శాలువా కప్పుదాం. ఒక్కటి తేడా వచ్చినా ఇంకా పని ఉంది.

దించే బటన్ అందరి చేతిలో ఉండకూడదు. ఆడపిల్లల పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు, ఇంటి విలాసాలు ఉన్న పట్టిక అది. ఒక్కసారి వాట్సాప్‌లో పడితే మళ్ళీ వెనక్కి పిలిపించలేము. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టం చేసింది. మనిషి సమ్మతి, ఏ పనికి తీసుకున్నామో ఆ పనికే వాడడం అనేవి దాని మూలసూత్రాలు. చట్టం లేకున్నా మన మర్యాద అదే. ఆధార్ నంబరు మన జాబితాలో అసలే వద్దు, సంఘానికి దాంతో పని లేదు. ఇంకొక చిన్న జాగ్రత్త. ఈక్వల్ గుర్తుతో మొదలయ్యే గడిని ఎక్సెల్ ఫార్ములాగా నడిపిస్తుంది. పేరు గడిలో ఎవరైనా కొంటెగా అట్లాంటిది రాస్తే, దించిన ఫైలు తెరిచినవాళ్ళకు కీడు జరగవచ్చు. దించేటప్పుడు అట్లాంటి గళ్ళను పాఠంగా మార్చమని పిల్లలకు చెప్తే వాళ్ళకు తెలుస్తుంది.

"ఇంత చిన్న సంఘానికి ఇంత పని అవసరమా?" అనేవాళ్ళకు ఒక మాట. పెద్ద కంపెనీకి ఒక పేరు పోతే లక్షలో ఒకటి. మనకు ఒక పేరు పోతే ఒక ఇల్లు పోయినట్టు. పని కూడా అంత పెద్దది కాదు. ప్రోగ్రాము పిల్లలు రాస్తారు. సరిచూసే పని రిటైరైన మావంటివాళ్ళము చేస్తాము, మాకు పొద్దు పోయేదానికి వేరే ఏముంది? పాత పుస్తకం ఒకరు చదవాల, తెర ఒకరు చూడాల, టిక్ ఒకరు పెట్టాల. తెలుగు చదవడం రానివాళ్ళు తమిళం చదవండి, రెండూ రానివాళ్ళు ఫోన్ చేసి అడగండి.

సమావేశంలో మేము పెట్టబోయే షరతులు ఇవి:

1. ప్రతి సభ్యుడికీ మారని సంఖ్య. పేరుకు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు కాలమ్‌లు. నాయన పేరు వేరు, ఇంటిపేరు వేరు.

2. ఫోన్, ఖాతా, పిన్‌కోడ్, ఇంటి నంబర్లు పాఠంగా. తేదీలు సంవత్సరం ముందు పెట్టి. రంగుల్లో ఉన్న సంగతులన్నీ కాలమ్‌లుగా.

3. ఎక్కించే ముందు తెర మీద చూపు, వరుసల లెక్క, తేడా ఉన్నవాటికి వేరే పట్టిక. లెక్క మీద ఇద్దరి సంతకం.

4. ఎక్సెల్‌గానూ, సాదా సీఎస్‌వీగానూ మొత్తం జాబితాను దించుకునే వీలు. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరికే ఆ అధికారం. మూడు నెలలకు ఒకసారి దించి, సంఘం బీరువాలో ఒక ప్రతి.

5. ఆధార్ వద్దు. సమ్మతి ఇవ్వనివాళ్ళ వివరాలు వద్దు.

6. పాత పుస్తకాలు ఒక్కటి కూడా పారేయకూడదు. అట్టలు వేయించి దాచాల, ఒక్కొక్క పేజీనీ ఫోటో తీసి పెట్టాల.

ఈ ఆరింటికీ పిల్లలు ఒప్పుకుంటే, తీర్మానానికి మొదటి చేయి మాదే.

అంతవరకు ఒక పని ఇప్పుడే చేయొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను మీ ఇంటిపేరు అడగండి. ఆ యమ్మది పుట్టింటిపేరు కూడా అడగండి. వాళ్ళు ఎట్ల పలికితే అట్ల, మీకు వచ్చిన ఏ లిపిలో అయినా రాసి, సంఘం కార్యదర్శికి పంపండి. ఇక్కడ కింద బహిరంగంగా రాయొద్దు. తెలుగు లిపి రాకపోతే వాళ్ళ గొంతే రికార్డు చేసి పంపండి, విని రాసుకుంటాము.